ఏతం ఆపమన్నదెవరు?

నిజామాబాద్,
9 జూన్ 1996

ప్రసాదూ,

నువ్వు దొంగవి. మాటలు దొంగిలించావని అనటంలేదు, ఆ పని రచయితలందరూ చేస్తారు. నువ్వు శవాన్ని దొంగిలించావు. దోహాలో నువ్వు ఇంజనీరుగా ఉన్న ఐన్ ఖాలిద్ సైటులో నీ కళ్ళముందు చచ్చిపోయిన మనిషిని మూడు వేల ఏళ్ళ వెనక్కి ఈడ్చుకెళ్ళి, నారబట్టలు చుట్టి, కళ్ళకి కాటుక పెట్టి, వారానికో ముక్క చొప్పున వారపత్రికకి అమ్ముతున్నావు.

‘ఫరో తోటలో శవం’ తొమ్మిదో భాగం నిన్న చదివాను. ప్రభువు తోటలో కొలను కోసం గొయ్యి తవ్వుతుంటారు. అడుగున ఊట. రాత్రీ పగలూ ఏతంతో నీళ్ళు తోడుతుంటేనే గొయ్యి నిలుస్తుంది. ఒక మధ్యాహ్నం ఏతం ఆగిపోతుంది. ఊట పొంగి, ఇసుక గోడ విరిగి, లోపల పని చేస్తున్న నెఖు అనే కూలివాడు పూడిపోతాడు. ఏతం తొక్కే హోరిని బంధిస్తారు. హంతకుణ్ణి కనిపెట్టడానికి ప్రభువుగారి లేఖకుడు సెన్మోస్ బయలుదేరతాడు. చక్కగా గడ్డం గీసుకుని, చంకలో రాతపలకతో, మట్టి అంటకుండా నడిచే మనిషి. అద్దంలో చూసి రాసుకున్నావా?

లస్మయ్య ఎలా పోయాడు? కిందటి డిసెంబరులో, పునాది గొయ్యిలో, నీటి పంపు ఆగిపోయి. పంపు దగ్గరున్నవాడు ఎవడు? లస్మయ్య సొంత బామ్మర్ది మారుతి. ఇప్పుడు ఎక్కడున్నాడు? దోహా జైల్లో. నా మాట మీద ఆ ఇద్దరికీ నీ కంపెనీలో వీసాలు ఇప్పించింది నువ్వే కాబట్టి ఇవన్నీ నీకు గుర్తు చెయ్యక్కర్లేదు. అయినా చేస్తున్నాను.

పాత ఈజిప్టు హత్యల కథలంటే మన చదువుకున్నవాళ్ళకి ఎందుకంత మోజో నాకు తెలుసు. ఆ శవం కంపు కొట్టదు. ఆ శవానికి సంఘం లేదు. దాని పెళ్ళాం వచ్చి మన గుమ్మంలో కూర్చోదు. హంతకుడు దొరికితే మనసుకి హాయిగా ఉంటుంది, దొరక్కపోయినా ఎవడి ఉద్యోగమూ పోదు. కానీ లస్మయ్య పెళ్ళాం గంగాబాయి వచ్చి నా గుమ్మంలో కూర్చుంటోంది ప్రసాదూ. ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుడుతూ కూర్చుంటోంది. మొగుడు మట్టిలో కలిశాడు. తమ్ముడు జైల్లో ఉన్నాడు. ఆ తమ్ముడే మొగుణ్ణి చంపాడని కంపెనీ కబురు పంపింది. మారుతి పేరెత్తితే ఆవిడ అనే మాట ఒకటే: “నా ముంగట వాని ముచ్చట తియ్యకు సావిత్రక్కా. నా పుస్తె తెంపినోడు.”

ఇక చరిత్ర పాఠాలు చెప్పుకునేదానిగా ఒక ప్రశ్న. చావు జరిగిన మూడో రోజున నీ ఈజిప్టు కూలీలు నెఖుకి ఇష్టమైన చేపలు, రొట్టె, కుండెడు సారా గోడమీద పెడతారు. డేగ వచ్చి వాలుతుంది, ముట్టదు. ఒక్కొక్కరే వచ్చి చచ్చినవాడికి మాట ఇస్తారు. అయినా ముట్టదు. లేఖకుడు గోడ దగ్గరికి వెళ్ళి ఎవరికీ వినపడకుండా ఏదో గొణుగుతాడు. డేగ తినేస్తుంది. ఏ ఈజిప్టులో ఉంది ఈ ఆచారం? ఏ గోడమీద చూశావు?

ధాత్రికీ నితీష్‌కీ నా ఆశీస్సులు. నీకు ఇంకా లేవు.

సావిత్రి

*

ఓల్డ్ ఎయిర్‌పోర్ట్, దోహా,
27 జూన్ 1996

అక్కయ్యకు నమస్కారాలు.

కవరు బరువు చూసి ధాత్రి “మీ అక్కగారి కరపత్రం వచ్చింది” అంది. ఈసారి తన చేతికివ్వలేదులే. ఆడపడుచు మీద ఆ మాత్రం గౌరవం మిగలనీ అని.

ఇక్కడ ఎండ మండిపోతోంది. మేమూ, పక్కవాటాలో కేరళవాళ్ళూ కలిసి ఒకే విల్లాలో ఉంటున్నాం కదా, మధ్యగోడకున్న ఏసీ రెండిళ్ళకీ వినపడేలా ఏడుస్తుంది. సైటు నుంచి వచ్చి, స్నానం చేసి, ఆ ఏడుపు కింద కూర్చుని రెండు పేజీలు రాసుకుంటాను. నాకున్న సుఖం అదొక్కటే. దాన్నికూడా శవాల వ్యాపారం అంటే ఏం చెప్పను? రచయిత అన్నాక చుట్టూ ఉన్నదే తీసుకుంటాడు. ఊరే గొయ్యి రోజూ చూస్తాను కాబట్టి ఊరే గొయ్యి రాశాను. నీ పత్రికలో నువ్వు బీడీ కార్మికుల మీద రాస్తే అది సాహిత్యం, నేను రాస్తే దొంగతనమా?

పిట్ట సంగతి. పాత ఈజిప్టువాళ్ళు ఆత్మని మనిషి తలకాయ ఉన్న పక్షిగా గీశారు. చరిత్ర లెక్చరర్‌వి, నేను చెప్పాలా? మిగతాది మన నాన్నగారి పదో రోజు. కృష్ణ ఒడ్డున పిండం పెట్టి కాకి కోసం ఎంతసేపు నిలబడ్డామో మరిచిపోయావా? బాబాయి నీళ్ళు నిండిన కళ్ళతో “సావిత్రి పెళ్ళి నేను చేస్తానురా అన్నయ్యా” అన్నాక కదా ముట్టింది. నువ్వేమో “నా పెళ్ళి కాకితో మాట్లాడి ఖాయం చేస్తారా” అని అందరి ముందూ నవ్వావు. అది పెట్టాను కథలో. అంతే.

లస్మయ్య పోయినప్పుడు కూలీల క్యాంపుకి వెళ్ళే తీరికే లేదు నాకు. పోలీసు స్టేషనుకీ, ఆసుపత్రికీ, శవాన్ని పంపే పనులకీ తిరగడంతోనే సరిపోయింది. మారుతి విషయం నాకూ బాధే. కానీ ఏం చేస్తాం? సైటు ఓనరు వస్తున్నాడని అందరం హడావుడిలో ఉన్నాం, పంపు నీళ్ళు పారి గేటు ముందు రోడ్డంతా బురద, అటు చూసేవాళ్ళం అటు, ఇటు చూసేవాళ్ళం ఇటు. ఆ వేళ చూసి వాడు పంపు ఆపేసి నీడకి పోయాడు. మనిషన్నాక నిద్రొస్తుంది. పాపం. కంపెనీ వాడికి అన్యాయం జరగనివ్వదని మా ప్రాజెక్ట్ మేనేజర్ రామచంద్రరావుగారు నాతో స్వయంగా అన్నారు.

నువ్వు ఇందులో తలదూర్చకు. బీపీ మందులు వేసుకో.

నీ తమ్ముడు
గురుప్రసాద్

*

నిజామాబాద్,
4 ఆగస్టు 1996

ప్రసాదూ,

మన ఇంట్లో పిండం పెట్టింది పదో రోజున. నీ కథలో మూడో రోజు. మన నాన్నకి పెట్టింది తెల్లన్నం ముద్ద. నీ నెఖుకి పెట్టింది చేపలూ, సారా. మూడో రోజున చనిపోయినవాడికి ఇష్టమైన మాంసం, కల్లు పెట్టి పిట్ట కోసం ఎదురుచూసేది ఇక్కడివాళ్ళు. లస్మయ్య మనుషులు. కృష్ణ ఒడ్డున నువ్వు చూసింది నీ కథలో లేదు. ఇంకెక్కడో చూసింది ఉంది. హత్యల కథలు రాస్తావు, ఈ మాత్రం జాడలు చెరిపేయడం రాదా?

నిన్న రఫీక్ వచ్చాడు. మీ కంపెనీ డ్రైవరే, కూలీల బస్సు నడిపేవాడు, మా బోధన్ కుర్రాడు. సెలవు మీద వచ్చి లస్మయ్య సామాను సంచి గంగాబాయికి ఇవ్వడానికి మా ఇంటికి తెచ్చాడు. సంచిలో రెండు లుంగీలు, ఒక టార్చిలైటు. గంగాబాయి టార్చిలైటు వెలిగించి చూసింది. వెలగలేదు. చాటలో పెట్టుకుని మళ్ళీ ఆకు కత్తిరించుకుంటూ కూర్చుంది.

“మూడొద్దుల నాడు ఆడ పెట్టిండ్రా పిట్టకు?” అని అడిగింది.

“పెట్టినం చెల్లే. క్యాంపు గోడ మీద పెట్టినం. కోడికూర వండినం. కల్లు ఏడిది ఆడ, దొరికితే జేలే. సోడా పోసినం.”

“ముట్టిందా?”

“ఆడ కాకులు యాడియి? గువ్వలే. ఏసీ డబ్బాల మీద కూసుంటయి. వచ్చినయి, చూసినయి, ముట్టలే. మేమందరం చెప్పినం. నీ పిల్లల్ని చూస్కుంటమన్నం, గంగాబాయికి కష్టం రానియ్యమన్నం. ముట్టలే. డ్యూటీకి టైమైతుంది, ఎనక బస్సోళ్ళు హారన్ కొడుతుండ్రు. అప్పుడు ఇంజనీర్ సార్ వచ్చిండు.”

“ఏ సారు?” అన్నాను నేను.

రఫీక్ నన్ను చూసి తల దించుకున్నాడు. “మీ తమ్ముడే మేడం. ఒక్కడే వచ్చిండు, కారు దూరంగ ఆపి. చెప్పులిడిసిండు. గోడ కాడికి పోయి, పెదవులు కదిలిచ్చిండు. ఏమన్నడో ఎవ్వలికి ఇనవడలే. రెండు గువ్వలు దిగి మంచిగ తిన్నయి. మా వాళ్ళంతా సార్ కాళ్ళు మొక్కబోయిండ్రు. సార్ యల్లా యల్లా, నడువుండ్రి అనుకుంట ఎళ్ళిపోయిండు.”

గంగాబాయి కత్తెర పక్కన పెట్టింది. “మా ఊర్ల ముట్టలే,” అంది. “పొద్దు గూకేదాంక సూసి బువ్వ ఆవుకు పెట్టినం. ఆడ ముట్టిందా? ఏమన్నడు సారు?”

ఏమన్నావు ప్రసాదూ?

నేను పిట్టల్ని నమ్మను. ఆకలేస్తే తింటాయి, బెదిరితే పోతాయి. ముప్పై ఏళ్ళుగా ఊరూరా ఇదే చెప్తున్నాను. కానీ నువ్వు నమ్ముతావు. చెప్పులు విడిచి గోడ ముందు నిలబడ్డవాడివి గువ్వని మోసం చెయ్యవు. మనుషుల్ని చేస్తావు, అది వేరు. క్యాంపుకి వెళ్ళలేదని నాకు ఎందుకు రాశావు? గువ్వని డేగ ఎందుకు చేశావు?

రఫీక్ ఇంకో మాట కూడా చెప్పాడు. అంత తేలిగ్గా చెప్పలేదు, రెండు కప్పుల టీ పట్టింది. పోలీసుల దగ్గర మారుతి, “సార్ ఆపమంటేనే ఆపిన” అన్నాడట. సారు, “నేనేమీ చెప్పలేదు” అని సంతకం పెట్టాడట. గంగాబాయి అది విని, “ఆడు తప్పిచ్చుకుంటందుకు అన్నడు, నాకు తెల్వదా నా తమ్ముడు” అంది. నాకూ ఒక తమ్ముడున్నాడు. వాణ్ణి గురించి నాకేం తెలుసు?

నువ్వు రాసిన ఉత్తరమే మళ్ళీ తీసి చదివాను. ఓనరు వస్తున్నాడు. పంపు నీళ్ళతో గేటు ముందు బురద. ఇది రాసింది నువ్వే, నేనడగలేదు. ఓనరు బూట్లకి బురద అంటకూడదంటే ఏం చెయ్యాలి? పంపు ఆపాలి. ఆ ఆలోచన పంపు దగ్గర నిలబడిన కూలివాడికి వస్తుందా, గేటు దగ్గర టై సర్దుకుంటున్నవాడికి వస్తుందా?

మొన్న వచ్చిన భాగంలో నీ ప్రభువు పల్లకీ వస్తోంది, దారి తడిగా ఉంది. కాబట్టి నీకూ తెలుసు. వారం వారం పాఠకులకి కొద్దికొద్దిగా చెప్తున్నావు, ఊరిస్తూ. నాకు ఊరింపు వద్దు. ఏతం ఆపమన్నదెవరు? ఆపమన్నప్పుడు గోతిలో మనిషి ఉన్నాడని వాడికి తెలుసా?

సావిత్రి

*

ఓల్డ్ ఎయిర్‌పోర్ట్, దోహా,
30 ఆగస్టు 1996

అక్కయ్యా,

నీకు ఉత్తరం రాయడం అంటే బోనులో నిలబడినట్టుంది. ముప్పై ఏళ్ళుగా ఊరూరా చెప్తున్నానన్నావు. చెప్పి ఏం సాధించావు? నీ కరపత్రాలు చదివి ఒక్క మనిషి జైలు నుంచి బయటికొచ్చాడా? అక్కడ నువ్వు అరిస్తే మహా అయితే నిన్ను ఇంకో ఊరికి బదిలీ చేస్తారు. ఇక్కడ నా పాస్‌పోర్టు కంపెనీ బీరువాలో ఉంది. వాళ్ళు కాగితం ఇస్తే తప్ప దేశం దాటలేను. నితీష్ తొమ్మిదో క్లాసు. అమ్మ ఆపరేషను ఎక్కణ్ణుంచి అయింది? నీ విప్లవంలోంచా?

నువ్వు అనుకున్నంత తేలిక కాదు ఏదీ. ఒకడు వాకీటాకీ రేడియోలో అంటాడు, రెండోవాడు అదే మాట ఇంకొకడికి అందిస్తాడు, మూడోవాడు చేస్తాడు. అందించినవాడి నోరే నేరం చేసిందా? గొయ్యి ఖాళీ అనుకుంటాం. భోజనాల వేళ ఖాళీగానే ఉంటుంది ఎప్పుడూ. ఆ రోజే ఎవడో వెనకబడ్డాడు. ఇది నేను కథ గురించి అంటున్నాను. సెన్మోస్ గురించి.

మొన్న రామచంద్రరావుగారు తన గదికి పిలిచి టీ ఇప్పించారు. “ప్రసాద్, మా ఆవిడ నీ సీరియల్ వదలకుండా చదువుతోందయ్యా. నాక్కూడా చదివి వినిపిస్తోంది. ఆ లేఖకుడు తెలివైనవాడు. ముగింపు విషయంలో మాత్రం తొందరపడకు,” అన్నారు. నవ్వుతూనే అన్నారు. టీలో చక్కెర ఎక్కువైందా అని కూడా అడిగారు. ఇది నీకు అర్థం కాదు.

అయినా నేను తొందరపడ్డాను. ముగింపు నిన్న పోస్టు చేశాను. ఆయన చెప్పినట్టు రాయలేదు. నేను చెప్పవలసింది, చెప్పగలిగింది అంతా అందులో ఉంది. గోడ దగ్గర లేఖకుడు ఏమన్నాడో కూడా ఉంది. అది రాసిన రాత్రి అన్నం తినలేదు. ధాత్రి జ్వరమేమో అని నుదురు చూసింది. ముగింపు అక్టోబరులో వస్తుంది. చదువు. చదివాక నన్ను ఇంకేమీ అడగకు.

గురుప్రసాద్

*

నిజామాబాద్,
13 అక్టోబరు 1996

ప్రసాదూ,

చదివాను.

నిండు కొలువులో లేఖకుడు రాతపలక నేలకేసి కొట్టి, “నెఖును చంపినవాడి కోసం ఇన్నాళ్ళూ వెతికాను. వాడు నా చెప్పుల్లోనే నిలబడి ఉన్నాడు. ఏతం ఆపమని అరిచినవాణ్ణి నేను” అంటాడు. గోడ దగ్గర డేగకి చెప్పిన మాట కూడా అప్పుడే బయటపెడతాడు: “నేనే ఆపమన్నాను, ఆ మాట పైకి చెప్తాను.” ప్రభువు క్షమిస్తానన్నా ఒప్పుకోడు. తనంతట తానే నడిచి నదిలోకి వెళ్ళిపోతాడు. నీళ్ళు మోకాళ్ళకి, నడుముకి, గొంతుకి. ఒడ్డున కూలీలు నిలబడి చూస్తుంటారు. చాలా బాగా రాశావు. నాకు కన్నీళ్ళొచ్చాయి. వచ్చినందుకు ఒళ్ళు మండింది కానీ వచ్చాయి. మా స్టాఫ్‌రూములో ముగ్గురు చదివారు, ముగ్గురూ లేఖకుడి గొప్పతనం గురించే మాట్లాడారు. సుధాకరరావు మాస్టారైతే ‘పశ్చాత్తాపానికి ఇంతకన్నా నిదర్శనం లేదు’ అని పత్రికకి ఉత్తరం కూడా రాస్తాడట.

సాయంత్రం గంగాబాయికి ముందు కథ చెప్పి, ముగింపు చదివి వినిపించాను. బీడీలు చుట్టడం ఆపకుండా వింది. లేఖకుడు ఒప్పుకున్నచోట మాత్రం చెయ్యి ఆగింది. పేర్లు ఈజిప్టువైనా ఎవరు ఎవరో ఆవిడకి నేను విడమరిచి చెప్పలేదు, చెప్పక్కర్లేకపోయింది.

“అయితే మా తమ్ముడు నిజమే చెప్పిండన్నట్టు,” అంది. పది నెలల తర్వాత మొదటిసారి ఆవిడ నోట ‘మా తమ్ముడు’ అన్న మాట ప్రేమగా వచ్చింది. కాసేపు ఏడ్చింది. మళ్ళీ అడిగింది.

“ఆ రాతగాడు సచ్చిండా అక్కా?”

“చచ్చాడు.”

“మంచిగ సచ్చిండు. మరి ఏతమోడో?”

“ఏతమోడా?”

“గదే, హోరి అంటివి గద. ఆన్ని జేల్ల ఏసిండ్రు గద. ఇడిసిపెట్టిండ్రా?”

పాత సంచికలు తీసి తిరగేశాను. ఇరవై నాలుగో భాగంలో హోరి ఉన్నాడు. కాళ్ళకి తాళ్ళు, నోట్లో ఇసుక, కాపలావాణ్ణి నీళ్ళు అడుగుతున్నాడు. ఆ తర్వాత ఇరవై అయిదులో లేడు, ఇరవై ఆరులో లేడు. కొలువులో ఎవరికీ గుర్తురాలేదు. లేఖకుడు నదిలోకి నడుస్తూ ఆకాశం చూశాడు, సూర్యుణ్ణి చూశాడు, కొంగల్ని చూశాడు, హోరిని తలచుకోలేదు. ఆఖరి పేజీ కింద ‘సమాప్తం’ అని వేశారు.

“లేడు గంగా,” అన్నాను.

“రాసిన సారు యాది మరిశిండా?” అంది. కోపంగా కాదు. గంటె ఎక్కడ పెట్టావని అడిగినట్టు అడిగింది. “ఒకసారి మల్ల సూడక్కా, యాడన్న ఉన్నడేమో.”

మళ్ళీ చూశాను. ఆవిడ కోసం మళ్ళీ చూశాను, ప్రసాదూ.

నీ పశ్చాత్తాపంలో మారుతికి చోటు లేదు. నీ గుండె బరువు దిగింది, లేఖకుడికి అందమైన చావు దొరికింది, పాఠకులకి కన్నీళ్ళు దొరికాయి, రామచంద్రరావు భార్యకి కాలక్షేపం దొరికింది. మూడు వేల ఏళ్ళ కిందటి ఒక గుమాస్తాని నదిలో ముంచి దోహాలో ఒక ఇంజనీరు ఒడ్డెక్కాడు. దోహా కోర్టులో ఏ జడ్జి చదువుతాడయ్యా నీ తెలుగు వారపత్రిక? మారుతికి సంకెళ్ళు విప్పే పోలీసు చదువుతాడా? చెప్పగలిగిందంతా చెప్పానన్నావు. ఎవరికి చెప్పావు? వినీ ఏమీ చెయ్యలేనివాళ్ళకి చెప్పావు. ఎందుకంటే వాళ్ళు ఏమీ చెయ్యలేరని నీకు తెలుసు.

నా కరపత్రాలు ఒక్క మనిషిని కూడా జైలు నుంచి బయటికి తేలేదన్నావు. నిజమే. నీ సంతకం మాత్రం ఒక మనిషిని జైలుకి పంపగలిగింది. అంటే నీ సంతకానికి నా కరపత్రాలకు లేని బలం ఉంది. దాన్ని ఇప్పుడు వాడు. నీ పాస్‌పోర్టు బీరువాలో ఉందని, నితీష్ చదువుందని నాకు తెలుసు. పర్యవసానాలు ఉంటాయి. ఉద్యోగం పోవచ్చు, మారుతి ఉన్నచోటికి నువ్వు వెళ్ళవలసి రావచ్చు. నేను ఆ మాట దాచి అడగటంలేదు. నువ్వు నా తమ్ముడివి. గంగాబాయికీ తమ్ముడున్నాడు.

మారుతి కేసు నవంబరులో విచారణకొస్తుందని, దోహా తిరిగెళ్ళిన రఫీక్ ఫోను చేసి చెప్పాడు. అందుకని వాదన ఆపేస్తున్నాను. నాకు కావలసినవి ఇవి:

ఒకటి. విచారణకి ముందే పోలీసుల దగ్గరికి వెళ్ళు. పంపు ఆపమని మారుతికి చెప్పింది నువ్వేనని నీ నోటితో చెప్పు. పాత వాంగ్మూలం అబద్ధమని సంతకం పెట్టు.

రెండు. రేడియోలో నీకు ఆ మాట చెప్పినవాడి పేరు చెప్పు. రామచంద్రరావు అయితే రామచంద్రరావనే చెప్పు.

మూడు. వెళ్ళేముందు ధాత్రికి చెప్పు. నితీష్‌కి కూడా. వాళ్ళు పత్రికలో చదివి తెలుసుకోవలసిన సంగతి కాదిది.

నాలుగు. జైలుకి వెళ్ళి మారుతిని చూడు. అన్నం తింటున్నాడో లేదో గంగాబాయి అడుగుతోంది. చూసి ఆవిడకి రాయి. మామూలు తెలుగులో, నీ పేరుతో, ఆవిడ పేరుకి. అందులో ఈజిప్టు ఉండకూడదు.

అయిదు. ‘ఫరో తోటలో శవం’ పుస్తకంగా వెయ్యకు. మారుతి ఇంటికొచ్చాక వేసుకో, అప్పుడు కూడా హోరి ఏమయ్యాడో రాసి వెయ్యి.

ఆరు. ఇవి చేసేదాకా నాకు ఉత్తరం రాయకు.

ఏడు. గువ్వకి ఏం చెప్పావో అది చెయ్యి.

సావిత్రి